4417 నంబరు దేశవాళీ పాట

నేను పశువుల డాక్టర్ని. ఈ మాట మొదటే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఏడాదిగా మా జిల్లాలో కొందరు పెద్దమనుషులు నన్ను సంగీతం తెలిసినవాడి కింద జమకట్టి, కచేరీల్లో ముందు వరసలో కూర్చోబెడుతున్నారు. ఇంకొందరు విద్వాంసులు నేను ఎదురుపడితే రోడ్డు అవతలి పక్కకి వెళ్ళిపోతున్నారు. రెండిటికీ కారణం ఒకటే. అందులో నా తప్పు ఎంతుందో, ప్రభుత్వం తప్పు ఎంతుందో మీరే తేల్చండి.

మా దుగ్గివలస మండలంలో గజిటెడ్ అధికారి కుర్చీలో దొరకాలంటే పశువుల ఆసుపత్రికే రావాలి. తహసీల్దారు గారు ఎప్పుడూ సమావేశంలో ఉంటారు. హైస్కూలు హెడ్మాస్టరు గారు ఆకుపచ్చ సిరా పెన్ను ఇంట్లో మరిచిపోయి వస్తారు. ఆయన ఈ ఊరు బదిలీ అయి వచ్చిన దగ్గర్నుంచీ మరిచిపోతూనే ఉన్నారు. నేనెక్కడికి పోతాను? ఎనిమిదయ్యేసరికి గేదెలు వచ్చేస్తాయి. అందుచేత గేదెకి చూడి పరీక్ష చేసిన చేత్తోనే, కడుక్కునే లెండి, పదో తరగతి మార్కుల జాబితాల మీదా పాస్‌పోర్టు ఫొటోల మీదా సంతకాలు పెడుతుంటాను. "అసలుతో సరిచూడడమైనది, నకలు నిజమైనది" అని ఒక రబ్బరు స్టాంపు కూడా చేయించాను. దానికి సిరా అద్దే పని మా అటెండరు తౌడుది.

ఆ స్టాంపు కోసమే కిల్లాన ఆదెమ్మ వచ్చింది.

అరవై దాటిన మనిషి. మా చుట్టుపక్కల ఊళ్ళలో జముకుల కథ చెప్పడంలో ఒకప్పుడు ఆవిడ తర్వాతే ఎవరైనా. జముకు అంటే చంకలో ఇరికించుకుని తీగ మీటే వాద్యం. అది ఆవిడ మరిది వాయించేవాడు, ఆవిడ నిలబడి పాడేది. పన్నెండేళ్ళ కిందట రాష్ట్ర సంగీత భాండాగార సంస్థ వాళ్ళు వచ్చి ఆవిడ పాటలు రికార్డు చేసి సీడీ వేశారు. అట్ట మీద ఆవిడ ఫొటో, పేరు, ఊరు అన్నీ అచ్చేశారు. ఆ సీడీని ఇప్పుడు ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి, డబ్బాని తువ్వాలులో చుట్టి, తువ్వాలుని సంచిలో పెట్టి తెచ్చింది.

ఆవిడ చెప్పిందీ, తరవాత నేను కాగితాలు తిరగేసి తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. రెండేళ్ళ కిందట ఆ సంస్థకి ఆన్‌లైన్ పిచ్చి పట్టింది. "సీడీ రహిత రాష్ట్రం" అని ఒక ఉద్యమం లేవదీశారు. గ్రంథాలయాల్లో, కళాశాలల్లో ఉన్న సీడీలన్నీ లారీల్లో రాజధానికి తెప్పించుకున్నారు. అప్పుడు వేసిన సర్క్యులరు నా దగ్గర ఉంది. అందులో మొదటి వాక్యం ఇది: "కాంపాక్టు డిస్కు అనునది గుండ్రని వస్తువు, సంగీతము గుండ్రనిది కాదు, కావున సంగీతమును డిస్కు నుండి విముక్తము చేయుట సంస్థ యొక్క తక్షణ కర్తవ్యమై యున్నది."

విముక్తం చేశారు. పదకొండు వేల పాటలు ఆన్‌లైన్లోకి ఎక్కించారు. ఎవరైనా ఫోనులో వెతుక్కుని, పది రూపాయలు కట్టి కొనుక్కోవచ్చు. అయితే అదే సర్క్యులరులో ఏడో పేరా ఒకటుంది. "అట్టలపై గల రాతలు సంగీతము కిందికి రావు గనుక వాటిని ఆన్‌లైన్ చేయనవసరము లేదు." చేయలేదు. అట్టలన్నీ చిత్తు కాగితాల వాడికి వేశారు. దాంతో పదకొండు వేల పాటలకీ నంబర్లే మిగిలాయి. ఆదెమ్మ పాట నంబరు 4417. "గాయని" అన్న చోట "వివరములు అందుబాటులో లేవు" అని ఉంటుంది.

ఇందులో ఆదెమ్మకి వచ్చిన కష్టం ఏమిటంటే, పక్క మండలంలో ఇంకో దళం ఆ పాట ఫోన్లో పెట్టి, పాడింది మేమేనని చెప్పుకుని, అమ్మవారి పండక్కి పిలుపులు పుచ్చుకుంటోంది. మా ఊరి పండగ కమిటీ వాళ్ళ దగ్గరికి ఆవిడ వెళ్ళి ఆ పాట నాదని చెప్పింది. కమిటీ ప్రెసిడెంటు ఫోను తీసి చూపించాడట. ఎక్కడమ్మా నీ పేరు, ప్రభుత్వం వాళ్ళే లేదంటున్నారు కదా అన్నాడట. కావాలంటే ఒకసారి పాడి వినిపించమన్నాడట.

అక్కడే వచ్చింది చిక్కు. ఆవిడ గొంతు పోయి రెండేళ్ళయింది. పెద్ద జ్వరం వచ్చి తగ్గింది, పై స్థాయి మటుకు తిరిగి రాలేదు. మాట్లాడితే బాగానే ఉంటుంది. పాట ఎత్తితే మూడో చరణం దగ్గర గాలే వస్తుంది.

"ఇప్పుడు పాడి సూపించమంటే నావల్ల కాదు బావూ. ఆ పాటొక్కటే నాకు మిగిలున్నాది. దాని మీద నా పేరుండాల. ఇంకేటీ అక్కర్నేదు," అంది.

సంస్థ వాళ్ళ దగ్గర పేరు సవరణకి ఒక దరఖాస్తు నమూనా ఉంది. దానికి అసలూ, గజిటెడ్ అధికారి సరిచూసిన నకలూ జతచేయాలి. అసలు అంటే సీడీ. నకలు అంటే ఆన్‌లైన్లో ఉన్న పాట. ఈ రెండూ ఒకటేనని నేను స్టాంపు వెయ్యాలి. ఇందులో పెద్ద విశేషం ఏముంది, ఐదు నిమిషాల పని అనుకున్నాను. నాకు అంతకంటే ఎక్కువ తెలివి ఎప్పుడూ లేదు.

ముందు నకలు కొన్నాను. ఫోన్లో ఆ సంస్థ అంగడి తెరిస్తే మొదట జిల్లా అడిగింది, తరవాత మండలం, తరవాత నేను సంగీతం ఎందుకు వినదలుచుకున్నానో ఒక కారణం ఎంచుకోమంది. పరిశోధన, పోటీ పరీక్షలు, ఇతరములు అని మూడే ఉన్నాయి. వినాలని ఉంది అన్నది అందులో లేదు. ఇతరములు నొక్కాను. రెండుసార్లు అంకెలు పంపింది, ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు గుర్తు పట్టమంది. మా మండలంలో ట్రాఫిక్ లైటు లేదు. తౌడు విశాఖపట్నంలో చూశాడు గనక వాడు గుర్తు పట్టాడు. పాట దిగింది.

ఇక అసలు. సీడీ పెట్టి వినే యంత్రం కోసం మండలమంతా తిరిగాం. తహసీల్దారు ఆఫీసు కంప్యూటర్లకి సీడీ పెట్టే అర లేదు. మీసేవ వాడు సీడీని అటూ ఇటూ తిప్పి, ఇది ఇంకా పనిచేస్తుందా సార్ అని నన్నే అడిగాడు. మైకు సెట్లు అద్దెకిచ్చే షాపువాడు పెన్‌డ్రైవ్ అయితే చెప్పండన్నాడు. చివరికి అది ఉన్నది ఒక్క చోటే. మా ఆసుపత్రిలో మందుల గదిలో మూలపడిన పాత కంప్యూటరు. కృత్రిమ గర్భధారణ శిక్షణ కోసం ఎప్పుడో ఇచ్చారు. ఆ శిక్షణ సీడీ అందులోనే ఇరుక్కుపోయి ఉంది. తౌడు పశువులకి వాడే లావుపాటి సూది ఒకటి తెచ్చి, ముందున్న చిన్న కన్నంలో పొడిచాడు. అర నాలుక చాపినట్టు బయటికి వచ్చింది.

ఆదెమ్మ సీడీ పెట్టి, చప్పుడు పెంచాను. బయట వేపచెట్టు కింద పదిమంది రైతులు, పశువులు. నాకు సంగీతం తెలియదు, ఆ మాట ఇంకోసారి చెబుతున్నాను. పాటలో అన్నకి అంబలి పట్టుకుని ఒక చెల్లి ఏరు దాటబోతుంది. నీళ్ళు మోకాలికొస్తాయి, నడుముకొస్తాయి, పీకకొస్తాయి. ప్రతిసారీ గొంతు ఒక మెట్టు పైకెక్కుతుంది. అంబలి కుండ మాత్రం తడవదు. అది అయ్యేసరికి బయటి రైతులంతా కిటికీ దగ్గరికి చేరారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడాల్సిన పని లేదు, తిరిగాయి. ఆదెమ్మ బల్ల మీద కూర్చుని, ఎవరో పరాయి మనిషి పాడుతుంటే విన్నట్టు తలవంచుకుని వింది.

ఫోనులో పాట పెట్టి సరిచూశాను. రెండూ ఒకటే. దరఖాస్తు మీద స్టాంపు వేసి, ఆకుపచ్చ సంతకం పెట్టి పంపించాను.

నెల తిరక్కుండా ఆ సంస్థ డిప్యూటీ డైరెక్టరు వక్కలంక విద్యాసాగర్ గారి దగ్గర్నుంచి మెమో వచ్చింది. సంతకం దరఖాస్తు మీద ఉంది గాని నకలు మీద లేదట. నకలు మీద లేని సంతకం నకలుది కాదట. పాస్‌పోర్టు ఫొటో మీద ఎలా పెడతారో, సగం ఫొటో మీదా సగం కాగితం మీదా, ఆ విధముగా పాట మీద కూడా పెట్టవలెనని రాశారు.

ఫోను చేశాను. ఆయన చాలా మర్యాదస్థుడు. పాట మీద సంతకం ఎలా పెట్టాలండీ అని అడిగితే, విధానము నిర్దేశించుట తమ పరిధిలోనిది కాదనీ, ఫలితము మాత్రమే తమ పరిధిలోనిదనీ చెప్పారు. సగం లోపల, సగం బయట అన్న నియమం మాత్రం తప్పకూడదన్నారు.

రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు తౌడు చేత ఫోను పట్టించి, ఆఖరి చరణం వస్తుండగా గొంతు సవరించుకుని, "దుంపల గౌరీశ్వరరావు అను నేను, దుగ్గివలస పశువైద్యశాల అసిస్టెంట్ సర్జనును, ఈ పాటను అసలుతో" అని పాట మీద చెప్పి, పాట అయిపోయాక నిశ్శబ్దంలో "సరిచూసితిని" అన్నాను. సగం లోపల, సగం బయట. చెల్లెలు పీకల్లోతు నీళ్ళలో ఉండగా పశువైద్యశాల వచ్చి పడింది. నాకు ప్రాణం ఉసూరుమంది గాని, పంపించేశాను.

ఈసారి వారంలోనే జవాబు వచ్చింది. సంతకం సంతృప్తికరముగా నున్నదట. అయితే ఇప్పుడు పాటలో ఇద్దరి గొంతులు వినబడుతున్నాయి గనక గాయకులెవరన్న దానిపై సందేహము ఉత్పన్నమైనదట. పైగా జతచేసిన సీడీ కూడా ఒక నకలేనట, అలాంటివి లక్ష తీసినా తీయవచ్చట, అందుకని దాన్ని తిప్పి పంపారు. అసలు అంటే పాడిన మనిషి. కావున అసలును అధికారి ఎదుట ప్రవేశపెట్టి, నకలుతో సరిచూడవలెను. ఇది రాష్ట్రంలో మొదటి సవరణ గనక డిప్యూటీ డైరెక్టరు గారే స్వయముగా విచ్చేయుదురు.

మీకు నేను అబద్ధం చెప్పను. ఆ కాగితం చదివాక ఆదెమ్మ ఇంటికి వెళ్ళడం రెండు రోజులు వాయిదా వేశాను. ఆవిడ మాత్రం భయపడలేదు. నాలుగు రోజులు మిరియాల కషాయం తాగింది. ఎవరితోనూ మాట్లాడలేదు. ఉన్న గొంతంతా దాచుకుంది.

విద్యాసాగర్ గారు బుధవారం పదకొండింటికి కారులో వచ్చారు. తెల్ల చొక్కా, మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫైలు. ఆవరణలో పశువుల మధ్య నుంచి నడిచి వస్తూ, కుడిచెయ్యి ఎత్తి వాటికి కూడా అభివాదం చేశారు. కుర్చీలో కూర్చుని, ఫోనులో నకలు సిద్ధం చేసుకుని, అసలును ప్రారంభించవలసిందన్నారు.

ఆదెమ్మ నిలబడింది. మరిది జముకు మీటాడు. మోకాలి లోతు దాకా బాగానే వచ్చింది. నడుము లోతు దగ్గర గొంతు వణికింది. పీక లోతు దగ్గర నోరు తెరిస్తే గాలి వచ్చింది. ఆవిడ ఆగలేదు. గాలితోనే ఆ చరణం అంతా, ఒక్క మాట వదలకుండా, చేతులతో అభినయం చేస్తూ పూర్తి చేసింది. తరవాత చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

విద్యాసాగర్ గారు ఫైలులో రాసుకున్నారు. రాసింది బయటికి చదివారు.

"అసలు, నకలుతో సరిపోలుట లేదు. నకలు ఉత్తమ స్థితిలో నున్నది. అసలులో లోపము గలదు. కావున అసలును మరమ్మతు చేయించి తిరిగి సమర్పించవలెను."

నాకు ఒళ్ళు మండిపోయింది. పాతికేళ్ళ ఉద్యోగంలో పశువు ముందు కూడా నేను గొంతు పెంచలేదు. ఆరోజు పెంచాను. మనిషికి వయసొస్తే మరమ్మతు ఏమిటండీ, ఆవిడ కాకపోతే ఆ మాటలు, ఆ వరస, ఆ చేతులు ఎక్కణ్ణుంచి వచ్చాయండీ అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. నా ఆవేదన నమోదు చేసుకున్నారు. నిజంగానే, ఫైలులో "పశువైద్యాధికారి ఆవేదన" అని రాసుకుని కింద గీత గీశారు. ఆ తరవాత, ఇంకొక మార్గము లేకపోలేదన్నారు. అసలుతో పని లేకుండా సవరణ జరగాలంటే, ఆ పాట ఫలానా వారిదని వేరొక ప్రభుత్వ శాఖ రికార్డులో ముందే నమోదై ఉండాలి. అన్ని శాఖల పోర్టళ్ళూ ఇప్పుడు ఒకదానితో ఒకటి అనుసంధానమై ఉన్నాయి. ఒక చోట యజమాని పేరు ఉంటే అన్ని చోట్లకీ దానంతటదే ప్రవహిస్తుంది.

నా శాఖలో పశువులే నమోదవుతాయండీ అన్నాను.

"శాఖ ఏదన్నది అప్రస్తుతము డాక్టరు గారూ. రికార్డు ప్రధానము," అని లేచి, పశువులకి మళ్ళీ అభివాదం చేసి వెళ్ళిపోయారు.

కారు దుమ్ము అణిగేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను. తరవాత లోపలికి వచ్చి, తౌడూ, పశువుల రిజిస్ట్రేషన్ తెరవరా అన్నాను. వాడు తెరిచాడు.

మా పోర్టల్లో మొదటి గడి పశువు రకం. ఆవు, గేదె, గొర్రె, మేక, పంది ఉన్నాయి. పాట లేదు. నేను ఆవు మీద వేలు పెట్టబోతే తౌడు ఆపాడు. ఆవంటే ఇప్పుడు లేనిపోని గొడవలొస్తాయి సార్, గేదె అయితే ఎవులూ పట్టించుకోరు అన్నాడు. వాడికి లోకజ్ఞానం ఉంది. గేదె నొక్కాను. జాతి: దేశవాళీ, ముర్రా, సంకరం. ఆదెమ్మని అడిగితే తన అత్త దగ్గర నేర్చుకున్నానంది, అత్త వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకుందట. దేశవాళీ. వయసు పన్నెండు. ఎన్నో ఈత, అంటే ఎన్నో కాన్పు, అని అడిగితే మొదటిది. పాలు ఇచ్చుట లేదు. స్వభావం అన్న చోట సాధువు, పొడుచును అని రెండున్నాయి.

"పొడుస్తాది సార్. మొన్న ఇన్నప్పుడు నాకు గుండెల్లో పొడిసీసింది," అన్నాడు తౌడు.

పొడుచును అని పెట్టాను. యజమాని పేరు: కిల్లాన ఆదెమ్మ. ఊరు: దుగ్గివలస. ఇది టైపు చేస్తుంటే ఆవిడ లేచి వచ్చి తెర దగ్గర నిలబడింది. చదువు రాదు. ఏ అక్షరాలు తనవో చూపించమంది, చూపించాను.

ఇంక పశువు చెవికి వేసే పసుపు పచ్చ బిళ్ళ. అది పశువుకి తగిలించి ఫొటో తీసి పెడితేగాని పోర్టలు ముందుకు కదలదు. పాటకి చెవి ఎక్కడుంటుందని నేను తల పట్టుకున్నాను. తౌడు సీడీ తీసి, దాని నడిమధ్య కన్నంలోంచి బిళ్ళ దూర్చి, చిన్న గుడ్డముక్కతో బిగించి చూపించాడు. చెవి కుట్టాల్సిన పని లేకుండా కన్నంతోనే పుట్టిన పశువుని నా సర్వీసులో అదే చూడడం. ఫొటో తీశాం. పన్నెండంకెల నంబరు కొట్టాం. "ఈ పశువుకి మరో పేరు గలదా" అని అడిగితే "పాట నంబరు 4417" అని రాశాం. నమోదు విజయవంతము అని వచ్చింది.

మర్నాడు పొద్దున్న ఫోను తెరిచి చూశాను. సంస్థ అంగడిలో 4417 కింద "వివరములు అందుబాటులో లేవు" అన్న మాట పోయింది. దాని చోట ఇలా ఉంది: "గేదె. దేశవాళీ. మొదటి ఈత. పొడుచును. యజమానురాలు: కిల్లాన ఆదెమ్మ, దుగ్గివలస." ప్రవహించింది.

నేను విద్యాసాగర్ గారి ఫోను కోసం కాచుకుని కూర్చున్నాను. ఆవేశంలో చేసిన పని గనక ఏ సస్పెన్షనో వస్తుందనుకున్నాను. ఫోను వచ్చింది. ఆయన గొంతు ఆనందంతో వణుకుతోంది. పదకొండు వేల పాటల్లో ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా నిండిన రికార్డు ఇదొక్కటేనట. తమ సంస్థ పుట్టిన దగ్గర్నుంచీ ఇంత సమగ్రమైన నమోదు చూడలేదట. ఇందులో పాట స్వభావము కూడా గలదు, మా నమూనాలో ఆ గడియే లేదు అని బాధపడ్డారు.

పదిహేను రోజుల్లో రాష్ట్రమంతటికీ సర్క్యులరు వచ్చింది. ఇకమీదట ఆన్‌లైన్లో అమ్ము ప్రతి పాటయూ సమీప పశువైద్యశాలయందు నమోదు కావలెను.

ఆ తరవాత మా ఆవరణ చూడాలి. పొద్దున్నే ఒక పక్క గేదెలు, ఒక పక్క గాయకులు. టోకెన్లు ఒకటే వరస గనక గేదె తరవాత భాగవతారు గారు, ఆయన తరవాత మేక. ఈ పని తెలిసిన ఆసుపత్రి మాదేనని జిల్లా కేంద్రం నుంచి కూడా పట్టు లాల్చీలో ఒక విద్వాంసుడు వచ్చారు. ఆయన కీర్తనలో మధ్యలో కీబోర్డు వినబడితే, నేను నిజాయితీగా సంకరజాతి అని రాశాను. ఆయన మూడు తరాల గురుపరంపర చెప్పి, మొహం కందగడ్డ చేసుకుని వెళ్ళారు. నన్ను చూసి రోడ్డు దాటిపోయేవాళ్ళలో మొదటివారు ఆయనే. ఒక లలిత సంగీతం ఆవిడ తన పాటకి స్వభావం సాధువు అని రాస్తే ఒప్పుకోలేదు, పొడుచును అనే రాయమని పట్టుబట్టింది. సినిమా పాటల వాడొకడు ఎన్నో ఈత అన్న చోట పధ్నాలుగు అని తనే రాసుకొచ్చాడు. అందరి సీడీలకీ తౌడు బిళ్ళలు బిగించాడు. సీడీ లేనివాళ్ళు కొత్తగా సీడీ వేయించుకోవలసి వచ్చింది, బిళ్ళ తగిలించడానికి కన్నం కావాలి కదా. పాట అమ్మేది ఆన్‌లైన్లో, సీడీ మాత్రం బిళ్ళకోసం. జిల్లా కేంద్రంలో మూతపడ్డ సీడీ షాపు ఒకటి మళ్ళీ తెరుచుకుంది. సీడీ రహిత రాష్ట్రంలో సీడీలు అన్నేసి అమ్ముడుపోవడం ఆ షాపువాడు పూర్వం కూడా ఎరగడట.

ఈ హడావిడిలో ఉండగానే అమ్మవారి పండగ వచ్చింది. పండగ కమిటీ ప్రెసిడెంటు ఆదెమ్మ పాట మైకులో పెట్టించాడు. పెట్టేముందు, ఎవరిదో ఏమిటో చదవాలి గనక, ఫోను చూసి పైకి చదివాడు. గేదె, దేశవాళీ, మొదటి ఈత అనేసరికి జనం గొల్లున నవ్వారు. పొడుచును అన్నప్పుడు ఇంకా నవ్వారు. తరవాత యజమానురాలు కిల్లాన ఆదెమ్మ అన్నాడు. అప్పుడు పాట మొదలైంది. మోకాలి లోతు దాటాక ఎవరూ నవ్వలేదన్నది నిజమే. అయినా నాకు మనసు ఒప్పలేదు. అంత పాట పాడిన మనిషి పేరు పక్కన గేదె అని రాయించింది నేనే.

విద్యాసాగర్ గారికి ఫోను చేసి, గేదె అన్న మాట తీసేయమని అడిగాను. ఆయన చాలా సానుభూతితో విన్నారు. పశువు రకము సవరించుటకు అభ్యంతరము లేదన్నారు. అయితే రకము మారినచో పశువు మారినట్లే. పశువు మారినచో యజమాని గడి దానంతటదే ఖాళీ అగును. అప్పుడు అసలును ప్రవేశపెట్టి తిరిగి మొదలు పెట్టుకోవచ్చును. ఒక దరఖాస్తు నమూనా కూడా పంపారు, కింద యజమాని వేలిముద్ర పడాలి.

దరఖాస్తు పట్టుకుని ఆదెమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ వాకిట్లో చేట ముందేసుకుని చోళ్ళు, అంటే రాగులు, చెరుగుతోంది. స్టూలు వేసి మజ్జిగ ఇచ్చింది. నేను తాగకుండా సంగతంతా చెప్పాను. తప్పు నాదే, క్షమించమన్నాను. పండగలో అందరూ నవ్వారు కదమ్మా, నీకు బాధ అనిపించలేదా అని అడిగాను. ఈ కాగితం మీద వేలిముద్ర వేస్తే గేదె అన్న మాట పోతుంది, కాకపోతే నీ పేరు కూడా పోతుంది, మళ్ళీ తెచ్చే పూచీ నేనివ్వలేను, నీ ఇష్టం అన్నాను.

ఆవిడ చేట పక్కన పెట్టింది. గేదె అని రాసున్నా పాట వినిపిస్తుంది కదా అని అడిగింది. వినిపిస్తుందన్నాను. నా పేరు ఏ ఊర్లో తీసినా కనబడతాది కదా అంది. కనబడుతుందన్నాను. కాగితం నా చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి నాకే ఇచ్చేసింది.

"గేదెగానే ఉండనీండి బావూ. గేద తప్పిపోయి ఏ ఊరెల్లినా, ఇదెవలి గేదని అడుగుతారు, అడిగి తోలుకొచ్చి అప్పజెప్తారు. పాట తప్పిపోతే ఎవలూ అడగనేదు."

నేను మజ్జిగ తాగి, ఆ కాగితం అక్కడే చింపేసి వచ్చాను.